'నేచురల్' అని అచ్చు వేసేముందు సీసాల సంగతి కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మెడలో పతకం, భుజాల మీద మువ్వన్నెల జెండా, పక్కన స్థానిక నాయకుడి శాలువా. అంతర్జాతీయ నేచురల్ (అంటే నిషేధిత మందులు వాడకుండా కండలు పెంచే) బాడీబిల్డింగ్ పోటీలకు భారత జట్టు తరఫున వెళ్లొచ్చిన వాళ్ల మీద జిల్లా పేజీల్లో వచ్చే వార్త దాదాపు ఇంతే. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. ఆ వార్తలో 'నేచురల్' అన్న మాట నాలుగుసార్లు వస్తుంది, దాన్ని ఎవరు ఎలా తేల్చారో చెప్పే వాక్యం ఒక్కటీ రాదు. మా పేచీ అదే. ఈ క్రీడలో మందుల పరీక్ష తీసేస్తే మిగిలేది సంఘం పేరు, రిబ్బను మాత్రమే.

ముందుగా పేర్ల గందరగోళం. ఐఎన్‌బీఏ అనే సంస్థ కొన్నేళ్లుగా నవంబరులో లాస్ వేగాస్‌లో 'నేచురల్ ఒలింపియా' జరుపుతోంది. దేశాల జట్లు జెండాలు పట్టుకుని వస్తాయి, మన జట్టూ వెళుతుంది. మనవైపు కొన్ని వార్తల్లో ఇది 'ఒలింపిక్స్'గా మారిపోతుంది. ఇంకొన్నింట్లో 1965లో మొదలైన మిస్టర్ ఒలింపియాతో కలిసిపోతుంది. మూడూ వేర్వేరు. డబ్ల్యుఎన్‌బీఎఫ్ మరో సంస్థ, దాని నిబంధనలు వేరు. ఈ బాడీబిల్డింగ్ సంస్థలన్నీ ప్రైవేటు సమాఖ్యలు. అందుకే 'భారత జట్టు' అన్నంత మాత్రాన అథ్లెటిక్స్ జట్టుకు వర్తించే ఎంపిక విధానం, ప్రభుత్వ ఖర్చు, ఉద్యోగాల కోటా దీనికీ ఉంటాయనుకోకూడదు. విమానం టికెట్టు, ప్రవేశ రుసుము, గది అద్దె సాధారణంగా ఆటగాడి జేబులోంచే పోతాయి. ఫలానా సర్టిఫికెట్ క్రీడా కోటాకు చెల్లుతుందా లేదా అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి, తిరిగొచ్చాక కాదు.

తాలింఖానాల రోజుల్లో ఈ 'నేచురల్' అన్న విశేషణం అక్కర్లేదు. టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. కండలు పెంచే స్టెరాయిడ్ మాత్రలు మార్కెట్లో జోరందుకున్నది 1950ల చివర్లో. మన కోడి రామ్మూర్తి నాయుడు అప్పటికే కన్నుమూశారు. 1952లో మిస్టర్ యూనివర్స్ అయిన మనోహర్ ఐచ్ (104 ఏళ్లు బతికి 2016లో పోయారు) గెలిచిందీ ఆ మాత్రలు రాకముందే. ఆ తర్వాతి తరానికే ఈ ముద్ర అవసరమైంది.

ఇక నేచురల్ అంటే గుడ్లు, కోడిమాంసం తిని పెంచిన ఒళ్లే అని చాలామంది అనుకుంటారు. వే ప్రొటీన్ డబ్బా కనిపిస్తే 'ఇదేం నేచురలు' అని నవ్వుతారు. వే ప్రొటీన్ పాలవిరుగుడు నీళ్ల నుంచి తీసినదే, దానిమీద నిషేధం లేదు. క్రియాటిన్ మీదా లేదు, కాఫీ మీదా లేదు. గీత గీసేది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' నిషేధిత జాబితా. ఏటా జనవరి 1న కొత్తది అమల్లోకి వస్తుంది. స్టెరాయిడ్లు, పెప్టైడ్ హార్మోన్లు, బీటా-2 మందులు, ఇన్సులిన్, లెట్రోజోల్, క్లోమిఫీన్ లాంటి హార్మోన్ సవరణ మందులు, నీరు దించే మాత్రలు ఏడాది పొడవునా నిషిద్ధం. మెఫెంటర్మిన్ లాంటి ఉత్ప్రేరకాలు పోటీ సమయంలో నిషిద్ధం. ఈ చివరిదాని పేరు హైదరాబాదు జిమ్‌లలో పట్టుబడిన ఇంజెక్షన్ల వార్తల్లో మీ పాఠకులు చూసే ఉంటారు. ఆపరేషన్ థియేటర్‌లో పడిపోయిన రక్తపోటును లేపడానికి వాడే మందది.

పరీక్ష దేన్ని పట్టగలదో, దేన్ని పట్టలేదో కూడా చెప్పాలి. నాండ్రొలోన్ అనే స్టెరాయిడ్ ఆనవాళ్లు మూత్రంలో నెలల తరబడి దొరుకుతాయి. కొన్ని మాత్రలవి వారాల్లో పోతాయి. గ్రోత్ హార్మోన్‌కు మూత్రం చాలదు, రక్తం కావాలి, అదీ కొద్ది రోజుల్లోపే. బయటి నుంచి వేసుకున్న టెస్టోస్టెరాన్‌ను పట్టడానికి ఒంట్లో సహజంగా ఉండే ఎపిటెస్టోస్టెరాన్‌తో దాని నిష్పత్తి చూస్తారు. అది 4 దాటితే అనుమానం, అప్పుడు కార్బన్ ఐసోటోపుల పరీక్షకు పంపుతారు. ఫ్యాక్టరీ టెస్టోస్టెరాన్‌కు ముడిసరుకు సోయా, కంద జాతి దుంపల్లాంటి మొక్కల నుంచి వస్తుంది కాబట్టి దాని కార్బన్ లెక్క ఒంట్లో పుట్టినదానికి సరిపోదు.

ఇంత ఉన్నా, మూడేళ్లు వాడి ఏడాదిన్నర క్రితం మానేసినవాడు పోటీ రోజు పరీక్షలో శుభ్రంగా బయటపడతాడు. పెరిగిన కండలో కొంత మాత్రం వాడితోనే ఉంటుంది. అందుకే డబ్ల్యుఎన్‌బీఎఫ్ పదేళ్లపాటు ఏమీ వాడలేదన్న షరతు పెట్టి, మూత్ర పరీక్షతో పాటు పాలీగ్రాఫ్‌లో కూడా కూర్చోబెడుతుంది. అబద్ధాన్ని కొలిచే ఆ యంత్రం మీద మాకు పెద్ద నమ్మకం లేదు. నిందితుడి ఇష్టం లేకుండా దాన్ని వాడకూడదని 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టే చెప్పింది. కాకపోతే పాత వాడకందార్లను వేదిక దాకా రాకుండా భయపెట్టడానికి పనికొస్తుంది. అసలైన పరీక్ష పోటీ రోజుది కాదు. చెప్పకుండా, పోటీ లేని నెలల్లో ఇంటికొచ్చి చేసేదే అసలైనది. పోటీ నాడు స్టెరాయిడ్‌తో దొరికినవాడు మోసగాడే కాదు, లెక్క తప్పినవాడు కూడా.

పరీక్ష గది చాలామంది చూసి ఉండరు. ప్రామాణిక పద్ధతిలో జరిగితే ఇలా ఉంటుంది. ఆటగాడి ముందు సీలు వేసిన కిట్లు కొన్ని పెడతారు, ఒకటి అతనే ఎంచుకోవాలి. పెట్టె మీద అంకె, రెండు సీసాల మీద అంకె, మూతల మీద అంకె ఒకటేనా కాదా అని అతనే చదవాలి. చొక్కా ఛాతీ దాకా, చేతులు మోచేతుల పైదాకా, కింది బట్టలు మోకాళ్ల దాకా తీసి, అదే లింగానికి చెందిన అధికారి నేరుగా చూస్తుండగా గిన్నెలో మూత్రం పోయాలి. కనీసం 90 మి.లీ. కావాలి. తర్వాత ఆటగాడే తన చేత్తో 'బి' సీసాలో 30, 'ఎ' సీసాలో 60 పోసి, గిన్నెలో కాస్త మిగిలిస్తాడు. మూత బిగిస్తుంటే టక్ టక్‌మని పళ్లు పడతాయి. ఆ చప్పుడు ఆగేదాకా తిప్పాలి. ఒకసారి పడ్డాక పగలగొడితే తప్ప రాదు. గిన్నెలో మిగిలిన చుక్కలతో సాంద్రత చూస్తారు. 1.005 కన్నా తక్కువైతే పలచన అని మళ్లీ పోయమంటారు. భయంతో రెండు లీటర్ల నీళ్లు గటగటా తాగేసినవాళ్లు ఆ గదిలో మూడు గంటలు కూర్చునేది ఇందుకే. ఒంట్లో నీరంతా తీసేసి వచ్చినవాళ్లు కూర్చునేది దీనికి తలకిందులైన కారణంతో, 40 మి.లీ. కూడా రాక. చివర ఫారంలో గత 7 రోజుల్లో వాడిన మందులు, పొడులు అన్నీ రాయాలి. ఇక్కడ సిగ్గుపడి వదిలేసినవి తర్వాత పీకకు చుట్టుకుంటాయి.

స్టెరాయిడ్ జోలికే పోని కుర్రాడు కూడా మన ఊళ్లలో ఎలా దొరికిపోతాడో చూడండి. దగ్గు వస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండా ఒక సిరప్ ఇస్తారు. మన దేశంలో మామూలుగా అమ్ముడుపోయే కఫం సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలిన్ ఉంటుంది. అది నిషేధిత బీటా-2 మందు, పోటీ ఉన్నా లేకున్నా. అదే ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ అయితే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల దాకా, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా పర్వాలేదు. సాల్బుటమాల్ మాత్రకు, సిరప్‌కు మాత్రం ఆ వెసులుబాటు లేదు. జ్వరం వస్తే ఆర్ఎంపీ ఒక డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ పొడుస్తాడు. పోటీ సమయంలో అది నిషిద్ధం, ఒంట్లోంచి పోవడానికి కనీసం 5 రోజులు లెక్కేసుకోవాలి. మోకాలి నొప్పికని కండలోకి ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్ చేయించుకుంటే 60 రోజులు. ఇక డైటింగ్‌తో కళ్లు తిరుగుతుంటే మనవాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే, గ్లూకోజ్ సీసా ఎక్కించడం. 12 గంటల్లో 100 మి.లీ.కి మించి నరంలోకి ఏది ఎక్కించినా నిషిద్ధ పద్ధతే. ఆసుపత్రిలో నిజంగా చికిత్స జరుగుతుంటే మినహాయింపు ఉంది, క్లినిక్‌లో బల్ల మీద పడుకుని 500 మి.లీ. సీసా ఎక్కించుకుంటే లేదు. ఆయుర్వేదం అయితే ఫర్వాలేదన్న ధీమా ఇంకోటి. సోమలతలో ఉండేది ఎఫెడ్రినే.

తెలియక వాడాను అంటే శిక్ష తగ్గొచ్చు గానీ తప్పు పోదు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే బాధ్యత అన్నది మూల సూత్రం. 2023లో ఐదు వేలకు పైగా శాంపిళ్లు పరీక్షించిన దేశాల్లో మనదే అత్యధిక శాతం. 5,606 శాంపిళ్లకు 3.8 శాతం పాజిటివ్. ఇందులో దొంగలెందరో, దగ్గు సిరప్ బాధితులెందరో ఆ అంకె చెప్పదు. జబ్బుకు తప్పనిసరి మందైతే ముందే చికిత్స మినహాయింపుకు దరఖాస్తు చేయాలి, పోటీకి కనీసం 30 రోజుల ముందు. మాత్ర పట్టీని ఫొటో తీసి, దానిమీద రసాయనం పేరును జాబితాతో సరిచూసుకోవాలి. బ్రాండు పేరుతో వెతికితే దొరకదు. ప్రొటీన్ డబ్బాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. మన మార్కెట్లోని 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీది ప్రొటీన్ వివరాలు తప్పని తేలింది. బ్యాచ్ వారీగా పరీక్షించిన గుర్తు ఉన్నదే కొనాలి. బ్యాచ్ నంబరు రాసుకోవాలి, ప్రతి డబ్బా నుంచీ రెండు చెంచాల పొడి విడిగా సీలు చేసి దాచుకోవాలి. వివాదం వస్తే చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

తయారీ గురించి కాస్త. స్టెరాయిడ్ వాడేవాడి డైట్ చార్టు నేచురల్ కుర్రాడికి పెడితే కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గితే చాలు. 74 కేజీల మనిషి 66కి రావాలంటే, వారానికి 350 నుంచి 400 గ్రాముల చొప్పున 20 నుంచి 23 వారాలు. అంటే నవంబరు పోటీకి జూన్‌లోనే మొదలుపెట్టాలి. దసరా, దీపావళి సరిగ్గా గడ్డు వారాల్లోనే పడతాయి. కొవ్వు తీసేసిన శరీర బరువుకు కేజీకి 2.3 నుంచి 3.1 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కేజీలకు కనీసం 138 గ్రాములన్నమాట. పచ్చిగా తూచిన 250 గ్రాముల కోడి రొమ్ము మాంసం, 8 గుడ్ల తెల్లసొన, రెండు స్కూపుల వే, 50 గ్రాముల కందిపప్పు కలిపితే సుమారు 145 వస్తుంది.

లెక్క తప్పేది మాంసం దగ్గర కాదు, పోపు దగ్గర. వారానికి 350 గ్రాముల కొవ్వు తగ్గడమంటే రోజుకు దాదాపు 385 కేలరీలు తక్కువ తినడం. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. కూరలో, పప్పు పోపులో, గుడ్డు పొరటులో అమ్మ చేతివాటంగా మూడు చెంచాలు పడితే ఆ రోజు కడుపు మాడ్చుకున్నదంతా వృథా. 'తిండి తగ్గించినా తగ్గట్లేదు, ఒంటి తత్వం' అనే వాళ్లలో సగం మంది తత్వం ఆ మూకుట్లోనే ఉంటుంది. నూనెను కూడా త్రాసు మీద తూచాలి, బియ్యాన్ని వండకముందే తూచాలి.

జట్లు పతకాలు పోగొట్టుకునేది మాత్రం ఆఖరి వారంలో. 'వాటర్ కట్' అనే జబ్బు మన జిమ్‌లను ఇంకా వదల్లేదు. మూడు రోజులు ఉప్పు బంద్, ముందురోజు నుంచి నీళ్లు బంద్, తెగిస్తే ఫ్యూరోసెమైడ్ మాత్ర. మాత్ర మింగిన క్షణం నేచురల్ కథ ముగిసినట్టే, నీరు దించే మందులన్నీ జాబితాలో ఉన్నాయి. పొటాషియం పొడితో కలిపి స్పైరనోలాక్టోన్ అనే మరో నీరు దించే మాత్ర వాడితే గుండె లయే తప్పొచ్చు. మాత్ర లేకుండా చేసినా లాభం లేదు. కండలో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది, కండ నిండుగా కనిపించేది ఆ నీటివల్లే. నీళ్లు ఆపితే చర్మం కింద నీరొక్కటే పోదు, కండలోదీ పోతుంది, రక్తం పరిమాణమూ పడిపోతుంది. పేగుల్లో గ్లూకోజు లోపలికి వెళ్లడానికి సోడియం తోడు కావాలి. ఉప్పు మానేసి అన్నం కుక్కితే అది కడుపులోనే ఉబ్బరంగా కూర్చుంటుంది. అందుకే ఎనిమిదింటికి గదిలో బాగున్న కుర్రాడు పదకొండింటికి వేదిక మీద కండలు చదునుగా, ఉబ్బు (పంప్) రాకుండా నిలబడతాడు. కారణం ఇంకా నీరు ఉండిపోవడమే అనుకుని వచ్చే ఏడు మరింత ముందు నుంచి ఆపేస్తాడు!

చేయాల్సింది చాలా సాదాగా ఉంటుంది. ఉప్పు రోజూ తినేంత తినాలి. నీళ్లు మామూలుగా తాగుతూ వేదిక ఎక్కే రోజు ఉదయం గుక్కలు తగ్గిస్తే చాలు. పోటీకి మూడు రోజుల ముందు, రెండు రోజుల ముందు శరీర బరువులో కేజీకి 6 గ్రాముల చొప్పున పిండిపదార్థం తీసుకోవాలి. 66 కేజీలకు 400 గ్రాములు, అంటే రోజంతా కలిపి అర కేజీ బియ్యం. అన్నం, ఇడ్లీ మంచివి. పీచు ఎక్కువున్న జొన్న రొట్టె, శనగలు ఆ రెండు రోజులు వద్దు. ముందురోజు అద్దం చూసి తగ్గించుకోవాలి. ఇదంతా అసలు పోటీలో మొదటిసారి చేయకూడదు, నెల ముందే ఒకసారి చేసి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పైన చెప్పిన కొవ్వు ముందే పోకపోతే ఈ వారంలో ఏ విద్యా పనిచేయదు.

పోజింగ్‌లో మనవాళ్ల లోపం ఒక్కటే, అద్దం. అద్దం ముందు సాధన చేసినవాడికి వేదిక మీద నడుము ఎటు తిరిగిందో తెలియదు. న్యాయనిర్ణేతలు ఇద్దరిని పోల్చుకుంటూ ఒక పోజులో 20, 30 సెకన్లు నిలబెట్టేస్తారు. అప్పుడు చేతులు బిగిసే ఉంటాయి, కాళ్లు వదులైపోతాయి. వీపు చూపిస్తూ రెండు చేతులూ మడిచి బిగించే 'వెనుక డబుల్ బైసెప్స్' పోజులో పిక్క వదిలేసినవాళ్లే ఎక్కువ. చివరి రెండు నెలలు అద్దానికి వీపు పెట్టి, ఫోన్‌లో వీడియో తీసుకుంటూ, రోజూ అరగంట. మన చామనఛాయకు టాన్ (ఒంటికి పూసే ముదురు రంగు) ఎందుకు అనే ప్రశ్న తరచు వింటాం. ఆ లైట్ల కింద నల్లని ఒళ్లు కూడా పాలిపోయి గీతలు మాయమవుతాయి, టాన్ కావాలి. రెండు మూడు రోజుల ముందే వెంట్రుకలు తీసి, ముందురాత్రి రెండు మూడు పూతలు. చంకల్లో డియోడరెంట్ రాస్తే ఆ చోట పచ్చగా మారుతుంది. హోటల్ దుప్పట్లు పాడైతే డబ్బు కట్టాలి, ఇంటి నుంచి పాత నల్ల దుప్పటి పట్టుకెళ్లడం చవక.

ప్రయాణం. నవంబరులో లాస్ వేగాస్ మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. హైదరాబాదు నుంచి ఒక రోజుకు పైగా కూర్చుని దిగేసరికి చీలమండలు ఉబ్బి ఉంటాయి. నాలుగైదు రోజుల ముందు చేరితేనే నిద్ర, ఒళ్లు దారికొస్తాయి. వండిన చికెన్ డబ్బాలు, పళ్లు అమెరికా కస్టమ్స్‌లో తీసి పారేస్తారు, అక్కడే కొనుక్కోవాలి. 350 మి.లీ. డబ్బాకు మించిన పొడి చేతిసంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆహ్వాన పత్రం చూపిస్తే వీసా రాదు, ఖర్చు ఎవరు పెడుతున్నారో చూపిస్తేనే వింటారు. జట్టు టీషర్టు మీద మూడు సింహాల జాతీయ చిహ్నం ముద్రించే ఉత్సాహం కూడా వద్దు, 2005 చట్టం ప్రకారం అది నేరం.

ఇక మీరు చేయగలిగింది. పతకం వార్త వచ్చినప్పుడు ఆ విభాగంలో ఎంతమంది దిగారో అడగండి. ఒకే మనిషి మూడు విభాగాలకు రుసుము కట్టి, ఇద్దరున్న చోట బంగారం, ముగ్గురున్న చోట వెండి తేవచ్చు. పద్దెనిమిది మందిలో ఆరో స్థానం అంతకన్నా పెద్దదే కావచ్చు, దానికి ఫొటో రాదు. సమాఖ్య పూర్తి పేరు అడగండి. పరీక్ష మూత్రమా, పాలీగ్రాఫా, రెండూనా, పరీక్షించింది అందరినా, విజేతలనా, చీటీ తీసినవాళ్లనా అన్నది అడగండి. శాంపిల్ ఇచ్చినవాళ్ల చేతికి ఫారం నకలు ఒకటి ఇస్తారు. శాలువా ఫొటోతో పాటు దాన్నీ పంపమనండి, మందుల వివరాలు రాసిన గడిని కాగితంతో కప్పేసి. ప్రయోగశాల ఫలితం రావడానికి వారాలు పట్టొచ్చు, ఊరేగింపు మాత్రం విమానం దిగిన రోజే జరుగుతుంది. కాబట్టి ఆనాటి వార్త చివర 'పరీక్ష ఫలితం ఇంకా రావాల్సి ఉంది' అని ఒక్క ముక్క వేసి, అది వచ్చిన రోజు, ఏదైనా సరే, అదే పేజీలో అంతే జాగాలో వేయండి.

ఇట్లు,
కొందరు దేహదారుఢ్య శిక్షకులు, న్యాయనిర్ణేతలు
విశాఖపట్నం